నరకని నాలుగు వరుసలు

చీరాల నుంచి వేటపాలెం మీదుగా సముద్రం వైపు ఎటు దిగినా సరుగుడు తోటే కనబడుతుంది. రైలింజన్లు కట్టెలతో నడిచే రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ తీరంలో ఈ చెట్టును పెంచడం మొదలుపెట్టారు. తర్వాత వంటచెరుకైంది, పందిరి గుంజైంది, ఇప్పుడు కాగితపు మిల్లుకు పోతోంది. కాబట్టి రెండెకరాల్లో సరుగుడు వేశానని చెప్పుకోవడంలో వింతేమీ లేదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే అడిగేవాళ్లందరూ ఒకటే అడుగుతున్నారు, ఎకరానికి ఎంత మిగిలిందని. నరికిన కర్ర లెక్క చెప్పడం తేలికే. నరక్కుండా ఎన్ని చెట్లు ఉంచాలి, ఎక్కడ ఉంచాలి అన్న లెక్క మాత్రం ఎవరూ అడగరు. నాకు ఎక్కువ ఆలోచన పెట్టించింది అదే.

ఆ భూమి నాకు పుట్టింటి నుంచి పసుపుకుంకుమల కింద వచ్చింది. నాన్న ఇచ్చేటప్పటికే సగం ముసలి జీడిమామిడి, సగం బీడు. జీడి కాపు కంటే ఎండుపుల్ల ఎక్కువ. మిగతా సగం వేరుశనగకు కౌలుకిస్తే ఎవరూ ఎక్కువకాలం నిలవలేదు. కారణం గాలి. ఎండలు ముదిరే కొద్దీ మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఇసుకను నేల మీద పొర్లించుకుంటూ వస్తుంది. లేత మొక్క మీద ఆ ఇసుక కొట్టగా కొట్టగా ఆకు అంచులు చిట్లి గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక పెద్ద గాలికి గట్టు ఆనవాలు కూడా పోతుంది. మా పడమటి పక్క రైతు "టీచరమ్మా, మీ పొలం మా పొలంలోకి వస్తోంది, కౌలు నాకివ్వాలి" అని ఎప్పుడూ ఎకసెక్కమే.

2020లో బడులు మూసి ఉన్నాయి. నాకు జీవితంలో మొదటిసారి తీరిక దొరికింది. అప్పుడే ఒక మొక్కల కంపెనీ తాలూకు కుర్రాడు రంగుల కరపత్రం పట్టుకుని వచ్చాడు. మలబారు వేప వేయండి మేడమ్, ఏడో ఏడు ఎకరానికి ఇన్ని లక్షలు అని. మలబారు వేప మంచి చెట్టే, ప్లైవుడ్ వాళ్లు కొంటారు. కానీ దానికి లోతైన నేల కావాలి, వేగంగా పెరిగే దాని మెత్తటి మాను మా గాలికి ఆగాలి. ఒక వాన కురిస్తే గంటలో ఇంకిపోయే ఉప్పుగాలి ఇసుకలో అది ఎలా ఎదుగుతుందో ఆ కరపత్రంలో లేదు. మీ కంపెనీ పెంచిన తోట సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపు ఎక్కడైనా ఉంటే చూపించు నాయనా అన్నాను. మళ్లీ రాలేదు. సుబాబుల్ ఒంగోలు, కందుకూరు మెట్టల్లో బాగా వస్తుంది, జామాయిల్‌కి ఖమ్మం ఎర్రనేలలు ఉన్నాయి. ఎవరి నేలకు తగ్గది వాళ్లది. మా ఇసుకకి సరుగుడే.

సరుగుడంటే ఒక రకమే అనుకుంటాం. మా పెద్దవాళ్లు వేసినది గింజ నారు. అది ఈక్విసెటిఫోలియా అనే జాతి, ఉప్పుగాలిని బాగా తట్టుకుంటుంది. ఇంకొకటి జంగునియానా, ఇండోనేషియా వైపుది. నిటారుగా, చురుగ్గా పెరుగుతుంది, నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది. కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర సంస్థ వాళ్లు దాన్నుంచీ, రెండింటి సంకరం నుంచీ మంచి చెట్లు ఎంచి క్లోన్లు తీశారు. నర్సరీల్లో సీజే, సీహెచ్ అని నంబర్లతో అమ్మేవి అవే. అప్పట్లో క్లోను మొక్క నాలుగైదు రూపాయలు, గింజ నారు రూపాయి లోపు ఉండేది. నేను రెండూ తీసుకున్నాను. లోపలంతా క్లోన్లు, సముద్రం వైపు అంచున నాలుగు వరుసలు గింజ నారు. క్లోను అంటే అన్నీ ఒకే చెట్టు. ఒకదానికి సోకిన తెగులు అన్నిటికీ ఒకేలా సోకుతుంది. తోటంతా ఒకే నంబరు క్లోను పెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి. ఏకరూపంగా పెరుగుతుందని వాళ్లు చెప్పేది నిజమే, ఏకరూపంగా చస్తుందని కూడా చెప్పాలి కదా.

గింజ నారు పోసే చోటికి వెళ్లి చూశాను, అది చూడదగ్గ పని. గింజ పొట్టుకు చిన్న రెక్క ఉంటుంది, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. ఇసుకలో కలిపి మడి మీద చల్లి, పైన పల్చగా గడ్డి కప్పి, సన్నటి జల్లుతో తడుపుతారు. అక్కడ పెద్ద శత్రువు చీమ. కాపలా లేకపోతే రాత్రికి రాత్రి మడి మడంతా మోసుకుపోతాయి. నారు పోసే పెద్దాయన మడి చుట్టూ చీమల మందు చల్లించి, "ఇంత చిన్న గింజకి ఇంత పెద్ద కాపలా ఏంటో" అని తనే నవ్వుకున్నాడు. ఆయన్నే మా తోట పని చూడమని అడిగాను. ఆయన్ని ఊళ్లో అందరూ తాత అనే పిలుస్తారు, నేనూ అంతే.

నాటడానికి ముందు తాత చెప్పిన ఒక పని చెప్పుకోవాలి. పాత సరుగుడు తోటలో చెట్ల కింద పైపొర తీసేసి, వేళ్లున్న మట్టి నాలుగైదు గంపలు తెమ్మన్నాడు. ఒక్కో గుంతలో పిడికెడు వేయించాడు. ఎందుకు తాతా అంటే "పాత తోట మట్టి పడితే కొత్త తోట నిలబడుద్దమ్మా" అన్నాడు, అంతకంటే వివరం లేదు. వివరం తర్వాత ఎండిపోయిన మొక్క ఒకటి పీకి చూసినప్పుడు కనబడింది. వేళ్ల మీద అక్కడక్కడా గోధుమరంగు బుడిపెలు, గుత్తులు గుత్తులుగా. వేరుశనగ పీకినప్పుడు వేళ్ల మీద కనబడేవి వేరు. అవి గుండ్రంగా, ఒంటరిగా ఉంటాయి, అందులో ఉండేది రైజోబియం. సరుగుడు బుడిపె కొమ్మలు చీలి ఉంటుంది, అందులో ఉండేది ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి. పని మాత్రం రెండింటిదీ ఒకటే. గాలిలోని నత్రజనిని చెట్టుకు అందించడం. యూరియా బస్తా పోసినా నీళ్లతో పాటు కిందికి జారిపోయే ఇసుకలో ఈ చెట్టు ఎలా బతుకుతోందో అప్పుడు అర్థమైంది. మా తొమ్మిదో తరగతి పిల్లలకి నత్రజని వలయం పాఠం చెప్పేటప్పుడు ఆ మొక్కనే పట్టుకెళ్లాను.

2020 కార్తీకం వానలకు నాటాం. ఐదడుగులకు నాలుగడుగులు ఎడం, అంటే ఎకరానికి 2,000 పైచిలుకు మొక్కలు. కాగితం కర్ర కోసమే వేసేవాళ్లు మీటరుకు మీటరు పెడతారు, ఎకరానికి 4,000. దగ్గర పెడితే బరువు ముందే వస్తుంది, కానీ అన్నీ సన్నకర్రలే. నాకు కొంత గుంజ కర్ర కూడా రావాలని ఉంది, అందుకే దూరం. గుంతలో పశువుల ఎరువు, చెద రాకుండా గుప్పెడు వేపపిండి. నారు వేళ్లను బురదలో ముంచి తీసి నాటారు, ఇసుకలో వేరు ఆరిపోకుండా. మొదటి ఏడాది సాళ్ల మధ్య వేరుశనగ కూడా వేశాం. విత్తనం డబ్బులు తిరిగొచ్చాయి, అంతకంటే చెప్పుకోడానికి లేదు.

సరుగుడు వేసి వదిలేస్తే చాలు అనేవాళ్లు మొదటి వేసవి చూడనివాళ్లు. ఏప్రిల్, మే నెలల్లో లేత మొక్కకు వారానికోసారైనా తడి లేకపోతే నిలవదు. మా వైపు నీళ్లంటే దొరువు. చీరాల, బాపట్ల ఇసుక నేలల్లో ఏడెనిమిది అడుగులు తవ్వితే తియ్యటి నీరు ఊరుతుంది. అది వాననీరే. కింద ఉన్న ఉప్పునీటి మీద పొరలా తేలుతూ ఉంటుంది. పూర్వం ఆ గుంటలోకి దిగి రెండు కుండలు ముంచుకుని, కావిడి భుజాన వేసుకుని మొక్క మొక్కకీ పోసేవాళ్లు. కుండలోని నీళ్లు ఆకు మీద జల్లుగా పడేట్టు ఒడుపుగా తిప్పడం ఒక విద్య. ఇప్పుడు ఆ పని చేసే మనుషులు లేరు. ఆయిలింజను పెట్టి లాగుతున్నారు, అక్కడే తంటా. ఇంజను గట్టిగా తోడితే తీపి పొర తరిగిపోయి అడుగున ఉన్న ఉప్పునీరు పైకి పొంగుతుంది. ఒకసారి పొంగిందా, మళ్లీ గట్టి వాన పడేదాకా ఆ దొరువు పనికిరాదు.

దీనికి బాపట్లలో ఉప్పునీటి పరిశోధన పథకం వాళ్లు ఎప్పుడో దారి చూపించారు. మధ్యలో ఒక బావి వరలు దింపి, దానికి రెండు పక్కలా చిల్లుల గొట్టాలు నేలకు అడ్డంగా, నీటిమట్టానికి కాస్త కిందుగా పరుస్తారు. నీరు లోతు నుంచి రాకుండా పక్కల నుంచి పలచగా చేరుతుంది. మెరుగుపరిచిన దొరువు అంటారు. పక్క ఊళ్లో ఒక రైతు దగ్గర అది చూసి వచ్చి మేమూ చేయించుకున్నాం. చిన్న మోటారు, రోజూ కొంచెం కొంచెంగా తోడటం. తాత ప్రతి ఉదయం మోటారు వేసిన కాసేపటికి దోసిట్లో పట్టి ఒక గుక్క తాగి చూసేవాడు. ఉప్పన అనిపిస్తే ఆ పూట ఆపేయడమే. ఉప్పు కొలిచే మీటరు కొనిస్తానన్నా వద్దన్నాడు. ఆ వేసవి దాటిన మొక్కలకు రెండో వేసవిలో నీళ్లు పెట్టే పని పడలేదు. వేరు అప్పటికే తడిని పట్టుకుంది.

రెండో ఏడు పని పక్కకొమ్మలు కొట్టడం. కింద సగం ఎత్తు వరకే కొట్టాలి, పైకి పోతే మొక్క నీరసించిపోతుంది. కత్తితో ఒక్క వేటుకి నరికితే బెరడు చీరుకుపోయి పురుగుకు దారి అవుతుంది, అందుకని చిన్న రంపంతో మొదలుకు దగ్గరగా కోయించాం. కొట్టిన రెమ్మలు మేకలవాళ్లు పట్టుకుపోయారు. ఆ రోజుల్లో మా పిల్లలు తోటకి వస్తే వాళ్లకి ఒకటే ఆట. సరుగుడుకి మనం ఆకు అనుకునేది నిజానికి సన్నటి రెమ్మ. కణుపు కణుపుగా ఉంటుంది. ఒక్కో కణుపు దగ్గర పొలుసుల్లా కంటికి ఆనీ ఆనకుండా ఉండేవే అసలు ఆకులు. కణుపు దగ్గర పట్టి లాగితే టిక్కుమని ఊడుతుంది, మళ్లీ అమర్చితే అతికినట్టే ఉంటుంది. ఎక్కడ తెంపానో చెప్పు అని పందేలు. ఆకు ఇలా పొలుసుల్లోకి కుదించుకుపోవడం వల్లే ఎండకి నీరు ఎక్కువ ఖర్చు కాదు. గాలికి కూడా ఇది గోడలా అడ్డుపడదు, జల్లెడ పడుతుంది.

ఈ జల్లెడ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గాలికి అడ్డంగా ఇటుక గోడ కడితే గాలి ఎగిరి దాటి, గోడ వెనక సుడి తిరిగి మరీ గట్టిగా దిగుతుంది. చెట్ల వరుస అయితే కొంత గాలిని లోపలి నుంచి పోనిచ్చి, దాని జోరు తగ్గిస్తుంది. సుమారు సగం గాలి లోపలి నుంచి పోయేంత పలచగా ఉన్న అడ్డే అన్నిటికంటే మేలు. చెట్టు ఎత్తుకు పదింతల దూరం వరకూ ఆ మేలు బాగా తెలుస్తుంది, ఇరవై ఇంతల దాకా కొంతైనా ఉంటుంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టిన తర్వాత తీరం వెంబడి అటవీ శాఖ సరుగుడు పట్టీలు పెంచడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. ఉప్పెన నీటిని ఆపుతాయని కాదు కానీ గాలిని, ఇసుకను ఆపుతాయి.

మూడో ఏటికి మా తోటలో ఇసుక కదలడం ఆగిపోయింది. పక్క రైతు వేరుశనగ ఆకు అంచులు పచ్చగా ఉన్నాయి. ఆయన ఆ మాట ఒప్పుకున్నాడు గానీ అదే నోటితో ఇంకో మాట అన్నాడు. "గాలి ఆగింది నిజమే టీచరమ్మా, కానీ మీ వేళ్లు నా గట్టు దాటి వచ్చేశాయి. గట్టు పక్క రెండు సాళ్లు గిడసబారినయ్." వెళ్లి చూస్తే నిజమే. సరుగుడు పక్కవేళ్లు పైపైనే చాలా దూరం పాకుతాయి. పొద్దుటి నీడ కూడా ఆయన వైపే పడుతుంది. గట్టు వెంట రెండడుగుల లోతున కందకం తీయిస్తే వేళ్లు తెగుతాయి. ఏటా ఒకసారి దాన్ని శుభ్రం చేయాలి, లేకపోతే ఇసుక పూడ్చేస్తుంది.

పురుగు, తెగులు గురించి రెండు ముక్కలు. బెరడు తొలిచే పురుగు పట్టిన చెట్టు కాండం మీద రంపంపొట్టు, రెట్ట కలిసిన గూడు బారుగా కనబడుతుంది. గూడు గీకేసి, కన్నంలో కిరసనాయిలు తడిపిన దూది దూర్చి, బంకమట్టితో మూసేస్తే సరిపోయింది. బెరడు పొక్కులు లేచి, పగిలి, లోపల నల్లటి పొడి కనబడితే మాత్రం అది వేరే జబ్బు, శిలీంధ్రం. మందు కోసం తిరగకుండా ఆ చెట్టును వేళ్లతో సహా తీయించి తగలబెట్టాలి. మాకు నీళ్లు నిలిచే పల్లం మూలలో కొన్ని పోయాయి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. రెండు రోజులు తోట వైపు వెళ్లే దారే లేదు. వెళ్లేసరికి నేను అనుకున్నదానికి తలకిందులుగా ఉంది. సముద్రం వైపు అంచున ఉన్న గింజ నారు చెట్లు పొట్టిగా, ముదురుగా, కొమ్మలు విరిగి ఎర్రబడి ఉన్నాయి కానీ నిలబడే ఉన్నాయి. లోపల ఎత్తుగా, నున్నగా పెరిగిన క్లోన్లే అక్కడక్కడా గుంపులుగా ఒరిగిపోయాయి. తాతకి ఆశ్చర్యమేమీ వేయలేదు. "బయటివి పుట్టినకాణ్ణుంచీ గాలి తింటన్నాయ్. లోపలియ్యి ఎప్పుడన్నా తిన్నాయా?" అన్నాడు. మొక్కగా ఉన్నప్పటి నుంచీ గాలికి ఊగిన చెట్టు మొదలు లావెక్కుతుంది, వేరు ఆ వైపుకి బిగుస్తుంది. చుట్టూ చెట్ల మధ్య వెలుతురు కోసం పైకి సాగిన చెట్టుకి ఆ అవసరం రాదు. రేపు చుట్టూ ఉన్నవి నరికేసి లోపలి చెట్లను అడ్డుగా వదిలితే మొదటి గాలికే పడిపోతాయి. అంటే వదలదలుచుకుంటే అంచు చెట్లనే వదలాలి. అప్పటిదాకా నా మనసులో అలాంటి ఆలోచనే లేదు. అందరిలాగే మొత్తం కొట్టేసి మళ్లీ నాటడమే అనుకున్నాను.

ఒరిగిన చెట్లను వెంటనే కొట్టి అమ్మాం, వంటచెరుకు రేటుకే పోయాయి. మిగతా తోట 2025 ఫిబ్రవరిలో కోతకు పెట్టాం.

అమ్మకం దగ్గరే రైతు బలి అవుతాడు. ముందు వచ్చినవాళ్లు గుత్తకి అడిగారు. తోట చుట్టూ ఒక రౌండు తిరిగి, మొత్తం కలిపి ఒక అంకె చెప్పారు. ఎన్ని టన్నులు వస్తుందని అంచనా వేశారు అంటే చెప్పరు. ప్రతి ఇరవై చెట్లకొకటి చొప్పున నాలుగడుగుల ఎత్తులో చుట్టుకొలత కొలిచి, అందులో నాలుగు రకాల లావువి కొట్టించి తూకం వేయించి చూశాను. గుత్త మాట నా అంచనాకు చాలా దూరంలో ఉంది. టన్నుల లెక్కనే ఇస్తానన్నాను. అలా ఒప్పుకున్న ఏజెంటు మొదటి లోడుకే తరుగు కింద బరువులో కోత పెట్టాడు. పచ్చికర్ర ఆరుతుంది కదా మేడమ్ అని. ఆరుతుంది, నిజమే. కొట్టిన కర్ర ఎండలో పడి ఉంటే రోజురోజుకీ బరువు తగ్గుతుంది. అందుకే కోసిన రోజే లోడు ఎత్తాలని నేను అడిగాను, లారీ రాకపోవడం ఆయన వైపు ఆలస్యం. ఆ తర్వాత మూడు షరతులు కాగితం మీద రాయించుకున్నాను. కాటా నేను చెప్పిన చోట, ఖాళీ లారీకీ లోడు లారీకీ రెండు చీటీలూ నా చేతికి. లారీ తోటలోకి వచ్చాకే కోత మొదలు. బెరడుతో సహానా, ఒలిచా అన్నది ముందే తేల్చి, ఒలుపు కూలి ఎవరిదో రాయడం. ఇంగ్లీషు టీచరుని కాబట్టి ఒప్పందాలు రాస్తున్నానని ఆయన వెటకారం చేశాడు. నేను చెప్పేది సైన్సు.

ఇంకో సంగతి, కర్రను విడదీయడం. మొత్తం మిల్లుకు తోలేస్తే తేలిక, కానీ నష్టం. తిన్నగా, మొదలు లావుగా ఉన్నవి పక్కన పెట్టించి చీరాలలో సెంట్రింగ్ కర్రలు అద్దెకిచ్చేవాళ్లకి, పందిళ్ల వాళ్లకి కర్రల లెక్కన అమ్మాను. పెళ్లిళ్ల ముందు కాబట్టి గిరాకీ ఉంది. అదే బరువు మిల్లుకు వేస్తే వచ్చేదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. ఎడంగా నాటింది ఇందుకే. మధ్యరకం మిల్లుకు, పై కొసలు ఇటుక బట్టీకి. రెమ్మలు, రాలిన ఆకు ఊళ్లో ఆడవాళ్లు ఊడ్చుకుపోయారు, పొయ్యిలోకి అంత బాగా అంటుకునేది ఇంకొకటి లేదు. మొద్దులు తవ్వడానికి పొక్లెయిన్ పెట్టలేదు. తవ్వుకున్నవాళ్లదే మొద్దు అన్నాం, నెల తిరక్కుండా నేల ఖాళీ అయింది. తుపానుకి పోయింది తీసేస్తే ఎకరానికి 26 టన్నుల చిల్లర వచ్చింది. కృష్ణా డెల్టా ఒండ్రులో వేసినవాళ్లు ఇంతకు ఎంతో ఎక్కువ తీస్తారు. మా ఇసుకకి ఇది మంచి దిగుబడే. వచ్చిన దాంట్లో ఐదో వంతు కోత కూలికీ లారీకి ఎత్తే కూలికీ పోయింది. మిగిలినదాన్ని నాలుగేళ్లకు పంచితే వేరుశనగ బాగా పండిన ఏడు వచ్చేదానికి దగ్గరగా ఉంది, పండని ఏళ్ల బెంగ లేకుండా. లక్షాధికారిని కాలేదు.

ఇక వదిలిన చెట్లు. సముద్రం వైపు నాలుగు వరుసలు నరకవద్దన్నప్పుడు మేస్త్రీ నా వైపు అదోలా చూశాడు. ఏజెంటు వాటికి వేరే రేటు చెప్పాడు, కొంచెం ఎక్కువే. మా ఆయన కూడా "అవి కూడా కొట్టిస్తే బాత్రూం పని అయిపోతుంది కదా" అన్నారు. లోపలిది నరకడం పూర్తయిన రోజు సాయంత్రమే తేడా చూశాను. నాలుగేళ్లుగా తోటకి అలవాటుపడిపోయిన గాలి ఖాళీ నేల మీదికి దిగింది. వరుసల చివర, పక్క పొలం వాళ్లు పూర్తిగా కొట్టేసిన చోట, ఇసుక అప్పుడే నాగలి చాళ్లలా గీతలు కడుతోంది. మా వరుసల వెనక నేల కదల్లేదు. పన్నెండు మీటర్ల ఎత్తు చెట్లు, మా పొలం తూర్పు పడమరలు డెబ్భై మీటర్ల లోపు. పదింతల లెక్కన మా పొలమంతా దాటి ఇంకా యాభై మీటర్లు పక్కాయనకి.

ఆయనకి ఇది చెప్పడానికి పెద్ద చర్చే అయింది. గాలి ఆపే చెట్లు తన గట్టు పక్కనే వదలమన్నాడు. దగ్గరుంటే ఎక్కువ ఆపుతాయని ఆయన నమ్మకం. మరి వేళ్లూ, నీడా? కాసేపు ఆలోచించి "అవీ వద్దు" అన్నాడు. మట్టి మీద పుల్లతో గీసి చూపించాను. చెట్లు అక్కడ, గాలి ఇక్కడి నుంచి, అడ్డు ఇంతదాకా. ఒప్పుకున్నాడు కానీ తన పొలంలో పడమటి సగానికి అందదు కదా అన్నాడు. అది నిజం. అక్కడ ఆయన వేసుకోవాల్సిందే.

సరుగుడును పర్యావరణానికి వరం అని నేను అనను. ఈ చెట్టు కింద రాలిన ఆకు మందంగా పేరుకుని వేరే మొక్కను లేవనివ్వదు, అడవిలా పది రకాలు పెరగవు. అలలకు ఆనుకుని ఇసుకదిబ్బల మీద దీన్ని నాటడం నాకు నచ్చదు. అక్కడ ముందు నుంచీ బాలబంది తీగ, రావణాసురుడి మీసం గడ్డి ఉన్నాయి, ఇసుకను అవే పట్టి ఉంచుతాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది ఆ మెత్తటి ఇసుకలోకే. నీటి అంచుదాకా సరుగుడు వేళ్లు అల్లుకుంటే అవి తవ్వుకోవడానికి చోటు ఉండదు. పొలాల దగ్గర వేయండి, ఒడ్డు వాటికి వదిలేయండి. చెట్లు గాలిలోని కార్బన్‌ను పట్టి ఉంచినందుకు ఇచ్చే కార్బన్ క్రెడిట్ల డబ్బులు ఇప్పిస్తానని ఈ మధ్య ఒకాయన ఫోన్ చేశాడు. నాలుగేళ్లలో నరికి సగం బట్టీలో తగలబెట్టే చెట్టుకి ఏ కార్బన్ అండీ అంటే, డాక్యుమెంట్లు మేం చూసుకుంటాం మేడమ్ అన్నాడు.

ఈసారి నాటడం మార్చాను. మొత్తం ఒకేసారి నాటి ఒకేసారి కొట్టకుండా ఖాళీ నేలను ఉత్తర దక్షిణాలుగా మూడు పట్టీలు చేశాను. 2025 కార్తీకంలో వరుసలకు ఆనుకున్న పట్టీ నాటాం, రెండోది 2027లో, మూడోది 2029లో. అప్పటిదాకా ఆ రెండింట్లో వేరుశనగ. మొదటి పట్టీ కోతకు వచ్చేసరికి రెండోది మనిషికి మూడింతల ఎత్తు ఉంటుంది, నేల పూర్తిగా బోడి అయ్యే రోజు రాదు. క్లోన్లు మూడు రకాలు కలిపాను. అంచు వరుసలు ముసలివవుతాయి కాబట్టి వాటి మధ్య ఖాళీల్లో ఇప్పటి నుంచే గింజ నారు పెట్టిస్తున్నాం. పడమటి గట్టు కందకం ఈసారి ఇద్దరం కలిసి తీయించాం. పక్కాయన తన వాటా సగం కూలి వెంటనే ఇచ్చాడు, మిగతా సగం వేరుశనగ అమ్మాక ఇస్తానన్నాడు. తన పొలంలో పడమటి సగానికి వేసుకోవడానికి, సరుగుడు నారు ఎక్కడ తెచ్చానో కూడా అడిగాడు. తాత ఫోన్ నంబరు ఇచ్చాను.